మంచం నుంచి నడకకు: గర్భసంచి ఆపరేషన్ తరవాతి విశ్రాంతికి ఒక చరిత్ర

గర్భసంచి తీసివేసే ఆపరేషన్ జరిగిన మర్నాడు నర్సు వచ్చి, "లేమ్మా, మెల్లగా నాలుగడుగులు వెయ్యి" అంటుంది. పక్కన కూర్చున్న అమ్మమ్మో అత్తగారో "పచ్చి ఒళ్లు, కుట్లు ఊడిపోతాయి, కదలనివ్వకండి" అంటుంది. మన కుటుంబాల్లో చాలామంది విన్న మాటలే ఇవి. మొదటిది వైద్యశాస్త్రమనీ, రెండోది పాతకాలపు నమ్మకమనీ మనం తేలిగ్గా తేల్చేస్తాం. చరిత్ర విద్యార్థి మాత్రం ఇక్కడ కొంచెం ఆగాలి. సుమారు తొంభై ఏళ్ల కిందట ఐరోపా, అమెరికాల్లోని పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో సర్జన్లు చెప్పింది కూడా ఆ అమ్మమ్మ మాటే. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ తరవాత రెండు మూడు వారాలు మంచం దిగనివ్వకపోవడమే అప్పటి శాస్త్రం.

ఆ శాస్త్రం ఎలా ఏర్పడింది, ఎవరు దాన్ని ప్రశ్నించారు, చివరికి అది ఎందుకు మారింది అనే విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం. చదివేటప్పుడు ఒక తేడాను మనసులో ఉంచుకోండి. కోలుకోవడానికి నడిచే నడక వేరు, బతుకుతెరువు కోసం చేసే పని వేరు. వైద్యగ్రంథాల్లో ఈ తేడా అంత స్పష్టంగా కనిపించదు. మన ప్రాంతపు స్త్రీల విషయంలో అసలు సమస్య ఉన్నది అక్కడే.

బతికితే చాలనుకొన్న కాలం

19వ శతాబ్దపు తొలి సగంలో 'ఆపరేషన్ తరవాత ఎలా కోలుకోవాలి' అన్న ప్రశ్న దాదాపు లేదు. రోగి బతకడమే గొప్ప. 1813లో జర్మనీలోని గొట్టింగెన్‌లో కాన్రాడ్ లాంగెన్‌బెక్ యోనిమార్గం ద్వారా ఒక స్త్రీ గర్భాశయాన్ని తొలగించాడు. మత్తుమందు లేదు. సహాయానికి వచ్చిన వైద్యుడు కీళ్లవాతంతో కుర్చీలోంచి లేవలేకపోయాడట. ఆమె కోలుకొని ఇరవై ఏళ్లకు పైగా జీవించింది. తోటి వైద్యులు మాత్రం లాంగెన్‌బెక్ మాట నమ్మలేదు. ఆమె చనిపోయాక శవపరీక్షలో గర్భాశయం లేదని తేలిన తరవాతే నమ్మారు. 1843లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో చార్లెస్ క్లే పొట్ట కోసి గర్భాశయాన్ని తీశాడు, రోగి దక్కలేదు. 1853లో అమెరికాలో వాల్టర్ బర్న్‌హామ్ చేసిన ఆపరేషన్‌లో రోగి బతికింది. అయితే అతను అండాశయపు తిత్తి అనుకొని పొట్ట కోశాడు, లోపల ఉన్నది గర్భాశయపు గడ్డ.

మన అంశానికి వీటన్నిటికంటే దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. అది గర్భాశయం ఆపరేషన్ కాదు, అండాశయపు గడ్డది. 1809 డిసెంబరులో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే నడివయసు స్త్రీ సుమారు 60 మైళ్లు గుర్రం మీద ప్రయాణించి కెంటకీ రాష్ట్రంలోని డాన్‌విల్‌కు వచ్చింది. అక్కడ ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్ తన ఇంట్లోనే, మత్తుమందు లేకుండా, ఆమె కడుపులోంచి సుమారు 10 కిలోల గడ్డను తీశాడు. అయిదో రోజున చూడబోతే ఆమె లేచి తన పక్క తానే సర్దుకొంటూ కనిపించింది. తాను ఆశ్చర్యపోయానని అతనే తరవాత రాశాడు, జాగ్రత్తగా ఉండమని మందలించాడు కూడా. 25 రోజులకు ఆమె మళ్లీ గుర్రమెక్కి ఇల్లు చేరింది. ఆ తరవాత 30 ఏళ్లకు పైగా బతికింది.

ఈ కథను వైద్య చరిత్రకారులు సాధారణంగా సర్జన్ సాహసానికి ఉదాహరణగా చెబుతారు. ఆమె లేవడాన్ని ఒక చిన్న విశేషంగా ప్రస్తావించి వదిలేస్తారు. నిజానికి రోగి లేవవచ్చునన్న సాక్ష్యం తొలి ఆపరేషన్ రోజుల నుంచే వైద్యుల కళ్ల ముందు ఉంది. దాన్ని సాక్ష్యంగా చదవడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.

విశ్రాంతి శాస్త్రమైన తీరు

1846లో ఈథర్ మత్తు, 1867లో జోసెఫ్ లిస్టర్ ప్రచురించిన క్రిమినాశక పద్ధతి వచ్చాక పొట్ట ఆపరేషన్లు పెరిగాయి. బతికే వాళ్లు పెరిగారు. వాళ్లను ఎన్ని రోజులు పడుకోబెట్టాలి అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. దానికి జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. లండన్ గైస్ ఆసుపత్రి సర్జన్ జాన్ హిల్టన్ 1863లో పుస్తకంగా వేసిన ఉపన్యాసాల్లో, దెబ్బతిన్న అవయవానికి ప్రకృతి ఇచ్చే మందు విశ్రాంతేనని వాదించాడు. విరిగిన ఎముకకూ, వాచిన కీలుకూ అతని వాదం చక్కగా సరిపోతుంది. తరవాతి తరం దాన్ని మొత్తం మనిషికి వర్తింపజేసింది. కుట్టింది పొట్టనే అయినా కదలకూడనిది కాళ్లూ చేతులూ కూడా అయ్యాయి.

భయానికి కారణం లేకపోలేదు. జంతువుల పేగులతో చేసిన కుట్టుదారం ఎన్నాళ్లు నిలుస్తుందో గట్టిగా చెప్పలేని రోజులవి. చీము పట్టడం మామూలు. కుట్లు విడిపోతే ప్రాణం పోయినట్లే. దీనికి తోడు సర్జన్లను బాగా భయపెట్టిన సంఘటన ఒకటుండేది. బాగా కోలుకొంటున్న రోగి, పదో రోజో పన్నెండో రోజో మొదటిసారి మంచం దిగి, ఊపిరాడక కుప్పకూలి మరణించేది. లేచింది కాబట్టి చనిపోయింది అని వైద్యులు అనుకొన్నారు. బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దం మధ్యకే కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరుతుందని నిరూపించాడు. ఆ గడ్డ ఏర్పడింది కదలకుండా పడుకొన్న రోజుల్లో అన్న సంగతిని పడక పక్కన ఉన్న వైద్యులు గ్రహించలేదు. పడక చేసిన హానిని నడకకు అంటగట్టారు. చరిత్రలో కారణ కార్యాలను తలకిందులుగా చదవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

స్త్రీల విషయంలో మరో భావన కూడా పని చేసింది. 1870ల్లో ఫిలడెల్ఫియా వైద్యుడు సైలస్ వీర్ మిచెల్ 'విశ్రాంతి చికిత్స'ను ప్రచారంలోకి తెచ్చాడు. నరాల బలహీనత ఉందన్న స్త్రీలను వారాల తరబడి మంచానికి పరిమితం చేసి, చదవడం రాయడం కూడా మాన్పించేవాడు. ఆ చికిత్స పొందిన రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో రాసిన కథ దాని మీద నిరసనగా ప్రసిద్ధమైంది. స్త్రీ శరీరం స్వభావరీత్యా బలహీనమన్న నమ్మకం ఆసుపత్రి వార్డులోకీ వచ్చింది. అయితే ఇది డబ్బున్న ఇళ్ల స్త్రీల కథ. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకూ, మిల్లు కార్మికురాళ్లకూ నెల రోజుల పడక ఎవరిస్తారు? వాళ్లు లేచారు, శాస్త్రం చెప్పినందువల్ల కాదు.

స్త్రీరోగ వైద్యుల తొలి ప్రశ్న

భిన్నంగా ఆలోచించినవారు అంతకు ముందూ ఉన్నారు. 1773లోనే మాంచెస్టర్‌కు చెందిన చార్లెస్ వైట్ బాలింతలను గాలి ఆడని గదుల్లో కదలకుండా పడుకోబెట్టడాన్ని తప్పుపట్టి, త్వరగా లేచి కూర్చోబెట్టాలని రాశాడు. ఆపరేషన్ల విషయంలో తొలిసారి గట్టిగా మాట్లాడిన వ్యక్తి షికాగోకు చెందిన స్త్రీరోగ వైద్యుడు ఎమిల్ రీస్. 1899లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో అతను ప్రచురించిన వ్యాసం, ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకే రోగులను లేపవచ్చునని, ఆహారం కూడా త్వరగా మొదలుపెట్టవచ్చునని చెప్పింది. తరవాతి దశాబ్దంలో న్యూయార్క్‌లో బోల్ట్, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో క్రోనిగ్ ఇదే దారి పట్టారు. ఈ ముగ్గురూ స్త్రీరోగ వైద్యులే. అంటే 'త్వరగా నడిపించడం' అనే పద్ధతి తొలి పరీక్షలు ఎక్కువగా జరిగింది గర్భాశయ, అండాశయ శస్త్రచికిత్సలు పొందిన స్త్రీల మీదే.

వాళ్ల మాట ఎందుకు నిలబడలేదు? కొత్త పద్ధతిలో ఒక్క రోగికి కుట్లు విడిపోయినా నింద వైద్యుడిదే. పాత పద్ధతిలో పదిమంది రక్తం గడ్డకట్టి పోయినా అది విధి. నా ఉద్దేశంలో ఈ అసమానమే అసలు కారణం. దాదాపు నలభై ఏళ్లు రీస్ వ్యాసం అరుదుగా తలచుకొనే విషయంగా మిగిలింది.

యుద్ధం మార్చిన పద్ధతి

డెట్రాయిట్ సర్జన్ డేనియల్ లీథౌసర్ 1941లో, ఆపరేషన్ తరవాత త్వరగా లేచి నడవడం ఉపద్రవాలను తగ్గిస్తుందని తన అనుభవంతో రాశాడు. 1944లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌కు చెందిన జాన్ పవర్స్ ఇంకా ఘాటుగా, విశ్రాంతిని చికిత్సగా దుర్వినియోగం చేస్తున్నామన్న శీర్షికతోనే వ్యాసం ప్రచురించాడు. 1947లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, మంచం పట్టిన మనిషిలో ఊపిరితిత్తులు, సిరలు, కండరాలు, ఎముకలు, పేగులు, చివరికి మనసు ఎలా చెడతాయో ఒక్కొక్కటిగా వివరించాడు. వ్యంగ్యంగా రాసిన ఆ చిన్న వ్యాసాన్ని వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు.

తేదీలు చూడండి: 1941, 1944, 1947. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నర్సులు సైన్యానికి వెళ్లారు, మంచాలు చాలలేదు, గాయపడిన సైనికులను త్వరగా నిలబెట్టాల్సి వచ్చింది. రీస్ వాదనకు దొరకని శ్రోతలు పవర్స్‌కు దొరకడానికి సాక్ష్యం ఎంత కారణమో, మంచాల కొరతా అంత కారణం. వైద్య జ్ఞానం కేవలం ప్రయోగశాలలో ముందుకు సాగదని చెప్పడానికి ఇది చాలు.

నడక శరీరంలో చేసే పని పెద్ద రహస్యమేమీ కాదు. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకొని సిరల్లోని రక్తాన్ని పైకి నెడుతుంది. అందువల్ల రక్తం గడ్డకట్టే అవకాశం తగ్గుతుంది. నిటారుగా నిలబడితే ఊపిరి లోతుగా అందుతుంది, కఫం పేరుకోదు. ఆపరేషన్ తరవాత బాధపెట్టే గ్యాసు కదులుతుంది. నడక ఒక్కటే సరిపోదన్న గ్రహింపు కూడా ఈ కాలంలోనే వచ్చింది. 1948లో లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఆర్నల్డ్ కెగెల్ కటి అడుగుభాగపు కండరాలకు వ్యాయామాన్ని వివరించాడు. అతని పేరుతోనే అది నేటికీ ప్రసిద్ధం.

ఆ తరవాతి మార్పులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1988లో అమెరికాలో హ్యారీ రీచ్ లాపరోస్కోపీ సాయంతో గర్భాశయాన్ని తొలగించాడు, కోత చిన్నదైంది. 1990ల్లో డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ నొప్పి నివారణ, త్వరగా ఆహారం, త్వరగా నడక కలిపి ఒకే పద్ధతిగా రూపొందించాడు. నేడు బ్రిటన్‌లోని ప్రసూతి, స్త్రీరోగ వైద్యుల రాయల్ కాలేజీ రోగులకిచ్చే సలహాలో నడకకు మొదటి స్థానం ఉంది. రోజుకు కొన్నిసార్లు పది నిమిషాల చొప్పున మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచితే, చాలామంది రెండు మూడు వారాలకు అరగంట నుంచి గంట వరకు నడవగలుగుతారని అది చెబుతుంది. గమనించండి, ఇది బలాన్ని చాటుకొనే నడక కాదు. అలసట వస్తే ఆగాలి. ఒక కాలు వాచినా, ఊపిరి అందకపోయినా, రక్తస్రావం ఎక్కువైనా నడక సంగతి పక్కన పెట్టి వైద్యుల దగ్గరికి వెళ్లాలి. బరువులెత్తడం మీద నిషేధం మాత్రం ఈ సలహాలోనూ కొన్ని వారాలపాటు అలాగే ఉంది.

తెలుగు నేల మీద

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలోకెల్లా ఎక్కువ ఈ రెండు రాష్ట్రాల్లోనే. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయని కూడా ఆ సర్వే చూపింది. అనవసరపు ఆపరేషన్లపై దాఖలైన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్ అవసరమా కాదా అన్న చర్చ అలా మొదలైంది. ఆపరేషన్ తరవాతి ఆరు వారాల గురించి మాత్రం చర్చ చాలా తక్కువ.

పొలం కూలికి వెళ్లే స్త్రీకి ఆ ఆరు వారాలు ఎలా గడుస్తాయి? ఇంట్లో మరో ఆడమనిషి ఉంటే మంచం మీద ఉంచుతారు, మంచినీళ్లు కూడా చేతికే అందిస్తారు. అది ప్రేమే, కానీ పైన చెప్పుకొన్న ప్రమాదాలన్నీ దానితోపాటే వస్తాయి. ఇంట్లో ఎవరూ లేకపోతే వారం తిరక్కుండానే బిందె చంకకెత్తుతుంది, వంగి కలుపు తీస్తుంది. "డాక్టరే తిరగమన్నాడుగా" అనే మాట అక్కడ వినిపిస్తుంది. డాక్టరు చెప్పిన తిరగడం వాకిట్లో చేతులూపుకొంటూ వేసే పచార్లు. ఇంట్లోవాళ్లు విన్నది పని. తెలుగులో 'లేచి తిరుగుతోంది' అంటే కోలుకొంది అనే అర్థం, కోలుకొంది అంటే పనిలోకి దిగింది అని. ఏమీ మోయకుండా, ఎక్కడికీ వెళ్లాల్సిన అవసరం లేకుండా, తన ఒంటి కోసమే ఒక స్త్రీ పది నిమిషాలు నడవడానికి పల్లె జీవితంలో సమయమూ తక్కువే, దానికొక పేరూ లేదు.

ఈ చరిత్రకు ఆధారాలన్నీ సర్జన్లు రాసిన వ్యాసాలే కావడం మరో చిక్కు. జేన్ క్రాఫర్డ్ అయిదో రోజున ఎందుకు లేచిందో మెక్‌డోవెల్ రాతల్లో దొరకదు. మన దగ్గర ఆ లోటును మౌఖిక చరిత్ర కొంతవరకైనా తీర్చగలదు. మీ ఇంట్లోనో వీధిలోనో ఈ ఆపరేషన్ అయిన పెద్దవాళ్లుంటే, వాళ్లకు ఇష్టమైతేనే, పేరు రాయకుండా వాళ్ల మాటలు రాసుకోండి. ఎన్నో రోజున లేచారు, ఎవరు లేపారు, ఎవరు వద్దన్నారు, మొదటి బిందె నీళ్లు ఎప్పుడు మోశారు, మళ్లీ కూలికి వెళ్లింది ఎప్పుడు, ఆ మధ్య రోజుల్లో వంట ఎవరు చేశారు అని అడగండి. జవాబులతో పాటు ఆపరేషన్ జరిగిన సంవత్సరం, అప్పటి వాళ్ల వయసు, కోత పెద్దదా చిన్నదా అన్నది కూడా తప్పక నమోదు చేయండి.