రిఫాత్ అల్‌అరీర్
రిఫాత్ అల్‌అరీర్ (1979 సెప్టెంబరు 23 – 2023 డిసెంబరు 6) ప్రధానంగా ఆంగ్లంలో రాసిన పాలస్తీనా కవి, అధ్యాపకుడు, సంకలనకర్త. గాజా నగరంలోని షుజాయియాలో జన్మించాడు. లండన్‌లో ఎం.ఏ., మలేసియాలో జాన్ డన్ కవిత్వంపై పీహెచ్‌డీ చేసి, గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధించాడు. అతని కృషిలో తరగతి గదినీ సాహిత్యాన్నీ విడదీయడం కష్టం: 2014లో అతని సంపాదకత్వంలో వచ్చిన ‘గాజా రైట్స్ బ్యాక్’ కథా సంకలనంలోని కథకుల్లో పలువురు అతని విద్యార్థులే. గాజా నగరంపై ఇజ్రాయెల్ జరిపిన వైమానిక దాడిలో సోదరుడు, సోదరి, ఆమె పిల్లలతో పాటు మరణించాడు. 2011లో రాసిన ‘ఇఫ్ ఐ మస్ట్ డై’ కవితను మరణానికి నెల ముందు సామాజిక మాధ్యమంలో మళ్లీ పంచుకున్నాడు. తర్వాత అది అనేక భాషల్లోకి అనువాదమైంది. అందులోని గాలిపటం నిరసన ప్రదర్శనల్లో అతని స్మృతిచిహ్నమైంది. ఆ కవిత పేరుతోనే అతని కవితలు, వ్యాసాల సంపుటి 2024 డిసెంబరులో వెలువడింది.