గ్రీన్ కార్డు

గ్రీన్ కార్డు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో శాశ్వతంగా నివసించి, ఉద్యోగం చేసుకొనుటకు విదేశీయులకు ఇచ్చే అనుమతి పత్రం. హెచ్-1బి వీసాపై వెళ్ళిన తెలుగువారిలో పలువురు తమ ఉద్యోగం ద్వారానే దీనికి దరఖాస్తు చేస్తారు.

విధానం

సాధారణంగా యజమాని సంస్థ, ఆ పనికి తగిన స్థానికులు లభించలేదని కార్మిక శాఖ నుండి ధ్రువీకరణ పొంది, పిమ్మట వలస సేవల విభాగానికి ఐ-140 అర్జీ సమర్పించాలి. ధ్రువీకరణకు దరఖాస్తు చేసిన తేదీని ప్రాధాన్యతా తేదీ అంటారు. విదేశాంగ శాఖ ప్రతినెలా వెలువరించే వీసా బులెటిన్ ప్రకారం ఆ తేదీకి వంతు వచ్చిన తరువాతనే, అమెరికాలో ఉన్న అభ్యర్థి ఐ-485 దరఖాస్తు చేయవచ్చును.

దేశాల పరిమితి

1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాధారిత వీసాలు ఏటా సుమారు 1,40,000. సాధారణంగా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరు. ఇక్కడ లెక్కించేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. కోనసీమలోని మురమళ్ళలో పుట్టిన వ్యక్తి తరువాత కెనడా పౌరుడైనా భారతదేశపు వరుసలోనే నిలవాలి. జీవిత భాగస్వామి వేరొక దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు కోటాను వాడుకోవచ్చును.

పిల్లల స్థితి

ఇబి-2, ఇబి-3 తరగతులలో భారతీయుల నిరీక్షణ పదేండ్లు దాటింది. ఈలోగా, భారతదేశంలో పుట్టి తల్లిదండ్రులతో వెళ్ళిన పిల్లలకు 21 ఏండ్లు నిండితే, వారు తల్లిదండ్రుల దరఖాస్తులో స్థానం కోల్పోవచ్చును. 2002 నాటి చట్టం ఐ-140 పరిశీలనకు పట్టిన కాలాన్ని వయసు నుండి మినహాయిస్తుంది; వరుసలో వేచిన ఏండ్లను మినహాయించదు.