వినికిడి యంత్రం: సూక్ష్మ ఎలక్ట్రానిక్స్‌కు తొలి వేదిక

ట్రాన్సిస్టర్ అనగానే చాలామందికి గుర్తుకొచ్చేది రేడియో. అయితే అమెరికాలో ట్రాన్సిస్టర్ రేడియో కన్నా ముందే సామాన్య వినియోగదారుకు ఈ సాంకేతికతను చేరవేసింది వినికిడి యంత్రం.

బాకాల నుంచి వాల్వుల వరకు

విద్యుత్ పరికరాలు రాకముందు శబ్దాన్ని పోగుచేసి చెవిలోకి పంపే బాకాలే ఆధారం. స్వరకర్త బీథోవెన్ అలాంటి వాటినే వాడారు. 1898లో అమెరికాకు చెందిన మిల్లర్ రీస్ హచిసన్ టెలిఫోన్‌లోని కార్బన్ మైక్రోఫోన్ సూత్రంతో విద్యుత్ వినికిడి యంత్రాన్ని రూపొందించారు. 1920లలో వచ్చిన వాక్యూమ్ ట్యూబులు (వాల్వులు) శబ్దాన్ని మరింత పెంచాయి. కానీ వాల్వులోని తంతువును వేడిచేయడానికి ఒక బ్యాటరీ, అధిక వోల్టేజీకి మరొకటి అవసరమయ్యేవి. వాల్వులు చిన్నవైనా బ్యాటరీల బరువు, ఖర్చు మాత్రం తప్పలేదు.

ట్రాన్సిస్టర్ రాక

1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో ఆవిష్కృతమైన ట్రాన్సిస్టర్‌కు వేడిచేయాల్సిన తంతువు లేదు. తక్కువ వోల్టేజీ చాలు. బధిరుల ఉపాధ్యాయుడైన అలెగ్జాండర్ గ్రాహంబెల్ స్మారకంగా, వినికిడి యంత్రాల తయారీదారులకు బెల్ సంస్థ రాయల్టీ మినహాయించింది. 1952 చివర ప్రకటించిన సోనోటోన్ 1010లో రెండు వాల్వులు, ఒక ట్రాన్సిస్టర్ ఉండేవి. మరుసటి ఏడాదికే పూర్తి ట్రాన్సిస్టర్ యంత్రాలు వచ్చాయి. తొలి వాణిజ్య ట్రాన్సిస్టర్ రేడియో 1954లో విడుదలైంది.

ఈ యంత్రాలకు కావలసిన ప్రమాణాన్ని అందుకోలేని ట్రాన్సిస్టర్లను రేథియాన్ సంస్థ ‘సీకే722’ పేరిట ఔత్సాహికులకు అమ్మింది. ఆ తరానికి చెందిన ఎందరో ఇంజినీర్లు వాటితోనే ఓనమాలు దిద్దారు.

చిప్‌లోకి ఒదిగిన యంత్రం

పరికరం ఇతరుల కంట పడకూడదన్న వినియోగదారుల కోరిక కూడా పరిమాణాన్ని తగ్గించింది. 1950ల మధ్య నుంచి యంత్రాలు కళ్లజోడు ఫ్రేముల్లోకి, చెవి వెనుకకు చేరాయి. జాక్ కిల్బీ 1958లో ప్రదర్శించిన ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను 1964లో జెనిత్ సంస్థ తన వినికిడి యంత్రంలో వాడింది. 1996లో వచ్చిన డిజిటల్ యంత్రాలు, శబ్దాన్ని అంకెలుగా మార్చి, ఒక్కొక్కరి లోపానికి తగినట్లు సవరించడాన్ని సాధ్యం చేశాయి.

అందని అవసరం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం వినికిడి యంత్రాలు అవసరమైనవారిలో వాటిని వాడుతున్నది సుమారు 17 శాతమే. ధరతో పాటు పరీక్షలు, అమరిక, మరమ్మతు సేవల కొరత, సామాజిక సంకోచం ఇందుకు కారణాలు. భారతదేశంలో మైసూరులోని అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ 1965 నుంచి ఈ రంగంలో నిపుణులను తీర్చిదిద్దుతోంది. అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. అర్హులైన దివ్యాంగులకు కేంద్ర ప్రభుత్వ ‘ఏడీఐపీ’ పథకం కింద వినికిడి యంత్రాలు అందిస్తారు.