గద్వాల మగ్గము: నిదానమే ప్రతిఘటనము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమకు నడిగడ్డ యని పేరు. అందు ప్రధానపురము గద్వాల. సంస్థానాధీశులు కవిపండితులను పోషించుటచే ఈ పురమునకు విద్వద్గద్వాల యను ప్రశస్తి కలిగెను. పండితుల గ్రంథములపై చూపిన శ్రద్ధ అచ్చటి సాలెవారి విద్యపై చూపినట్లు కానరాదు. యంత్రము పైకొనివచ్చిన కాలమున చేతిపని తన మందగతినే బలముగా జేసికొని యెట్లు నిలిచినదో తెలియుటకు ఆ విద్య మంచి నిదర్శనము.

గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. రెండు పోగులకును స్వభావము వేరు. వీనిని సూదితో కుట్టరు, నేతలోనే కలుపుదురు. నడిమి భాగమున కొక నాడెయు, రెండంచులకు రెండు నాడెలును నడచును. అంచు మొదట నూలుపేకయు పట్టుపేకయు ఒకదానినొకటి పెనవేసికొని వెనుకకు మరలవలెను. దీనిని కుప్పడమందురు. ఇందుచేతనే అంచు రంగు ఒడలి రంగుతో కలియక స్వచ్ఛముగా నిలుచును. ఈ పనికి నేయువాని ప్రక్కను మరియొకరి చేసాయము కావలెను. కొంగునకు వచ్చునప్పటికి నూలుపడుగునకు పట్టుపడుగును పోగుపోగుగా అతుకవలెను. తొందరపడినచో అతుకు నిలువదు. కావున ఇచ్చట నిదానము సోమరితనము కాదు, అదియే విద్య.

ఇట్టి మందగతి గల చేతిపనికి ఇరువదవ శతాబ్దపు మొదటిభాగమున రాజకీయార్థము కూడ కలిగెను. 1905 ఆగష్టు 7వ తేదీని కలకత్తా పురమందిరమున స్వదేశోద్యమము ప్రకటితమయ్యెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడయందు గూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము దేశమున 20 లక్షల రాట్నములు నడపవలెనని తీర్మానించెను. మిల్లులతో వేగమున పోటీపడుట ఆ రాట్నముల ఉద్దేశము కాదు, మిల్లుగుడ్డను వలదనుటయే. శ్రీకాకుళపు సీమలోని పొందూరున స్త్రీలు వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని శుభ్రపరచి, అతిసన్నని నూలు వడకిరి. ఆ ఖద్దరు మహాత్ముని మెప్పు వడసెను. చేతులు చేయు పనియే అచ్చట ఉద్యమభాష.

గద్వాలయో నిజాము పాలనకు లోబడిన సంస్థానము. ఇచ్చటి మగ్గమునకు ఆదరువు దర్బారు గాని సభాతీర్మానము కాదు. సాలెవారిని కాశికి పంపి జరీపని నేర్పించిరను ప్రతీతి కలదు. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ 1924 మొదలు 1949 వరకు పాలించెను. సంస్థానమంతరించిన పిదప నేతగాడు అంగడినే నమ్ముకొనవలసివచ్చెను. అయినను నేత అంతరింపలేదు. గద్వాలకు చేరువనున్న రాజోలియందును, వనపర్తి జిల్లాలోని అమరచింత, కొత్తకోటలయందును నేటికిని సాగుచున్నది. 2009 అక్టోబరున తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినపుడు మగ్గములును నీటమునిగెను. అచ్చటివారు తిరిగి మగ్గములు నిలుపుకొనిరి.

మరమగ్గముల పోటీ అంతకంతకు హెచ్చినపుడు 1985లో పార్లమెంటు కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించుచు చట్టము చేసెను. మొదట అవి 22 రకములు. మరమగ్గముల వారు వివాదపడగా సుప్రీంకోర్టు 1993లో ఆ చట్టమును సమర్థించెను. తరువాత ఆ రకములు 11కు తగ్గెను. గద్వాల చీరలు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద నమోదైనవి. 2015 నుండి ఆగష్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా పాటించుచున్నారు. స్వదేశోద్యమపు తేదీయు మగ్గమును ఇట్లు మరల కలిసినవి.

పొందూరు వడుకుకు ఉద్యమమను పేరు వచ్చెను. గద్వాల నేతకు రాలేదు. అయినను చేతితో చేయదగిన పనిని యంత్రమునకు విడువననుటలో రెండును ఒక్కటియే. భేదమొకటి కలదు. ఉద్యమకారుడు రాట్నమును తన ఇచ్చచే పట్టెను. నేతగానికి మగ్గమే జీవనము. కూలి చీర కింతయని లెక్కించునపుడు, నిదానించిన ప్రతి గడియయు అతని కూడు నుండియే తరుగును. ప్రక్కను కూర్చుండి నాడె నందించిన ఇల్లాలి శ్రమయు ఆ కూలిలోనే అడగును. చేతిపని నిదానమును గొప్పదని కొనియాడుట తేలిక. చీర వెలలో ఆ గడియలకును, ఆ రెండవ జత చేతులకును లెక్కగట్టి ఇచ్చినపుడే ఆ మెప్పు సార్థకమగును.