చీటీ లేని నిద్ర

పరీక్షల రోజులు. తార్నాక చౌరస్తా దగ్గర ఒక మెడికల్ షాపులో నా ముందు నిలబడ్డ కుర్రాడు, "అన్నా, నిద్ర పడ్తలేదు. మొన్నటియే నాలుగియ్యి" అన్నాడు. షాపతను చీటీ అడగలేదు. కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టిచ్చాడు. మందు పేరు, గడువు తేదీ, ఎర్రగీతల మధ్య అచ్చేసిన హెచ్చరిక మిగతా ముక్క మీదే ఉండిపోయాయి. పలకరిస్తే ఉస్మానియా క్యాంపస్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నానన్నాడు.

అల్ప్రాజోలం లాంటి నిద్రమందు ఎవరు రాశారో, ఎవరికి ఎంత ఇచ్చారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని 2014 మార్చి నుంచి నిబంధన ఉంది. అయినా వైద్యుడి మాటతో పనిలేకుండా మత్తుమాత్రలు వాడేవాళ్లు దేశంలో సుమారు 1.18 కోట్ల మంది అని 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చింది.

ఈ మాత్రలకు పెద్ద వంశమే ఉంది. 1832లో జర్మనీలో రసాయనవేత్త లీబిగ్ తయారుచేసిన క్లోరల్ హైడ్రేట్ నిద్ర పుచ్చుతుందని 1869లో గాని తెలియలేదు. 1903లో బార్బిట్యురేట్లు వచ్చాయి. నిద్ర పుచ్చే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ వాటిలో ఎడం బహు తక్కువ. ఆ భయం తగ్గించినవి రసాయనవేత్త స్టెర్న్‌బాక్ కనిపెట్టిన లిబ్రియం (1960), వేలియం (1963). అదే కుదురులోది 1981లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన అల్ప్రాజోలం. ఇది ఒక్కటే మింగితే ప్రాణం పోవడం అరుదు. కొంప ముంచుతున్నది ఆ ధీమాయే. మద్యమో, నల్లమందు జాతి నొప్పిమందో తోడైతే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు.

ఊపిరి సంగతి ప్రపంచానికి గట్టిగా చెప్పిన ఊరు మనదే. 1888, 1889ల్లో ఆరో నిజాం ఖర్చుతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. నడిపిన ఎడ్వర్డ్ లారీ ఇక్కడి వైద్య పాఠశాలకు ప్రిన్సిపాల్. అదే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. ఆపరేషన్‌కి క్లోరోఫాంతో మత్తిచ్చేటప్పుడు నాడి కాదు, శ్వాస చూడమన్నాడాయన. క్లోరోఫాం గుండెనూ ఆపగలదని తర్వాత రుజువైంది గాని, శ్వాస మీద కన్నేసి ఉంచమన్న మాట నిద్రమాత్రలకు ఇవాళ్టికీ చెల్లుతుంది.

అదే ఊళ్లో ఆ మందులు కల్లుకుండలోకి దిగాయి. అడిగినంత కల్లుకు సరిపడా తాటి, ఈత చెట్లు లేవు. అందుకని కలిపేవి నీళ్లు, చక్కెర బదులు శాకరిన్, మత్తుకు మొదట క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజోఫాం (అంటే వేలియమే), ఇప్పుడు అల్ప్రాజోలం. తాగేవాడికి తాను మాత్ర మింగుతున్నట్టే తెలియదు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోతే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు ఫిట్స్‌తో, వణుకుతో వచ్చినవాళ్లతో నిండాయి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. కూలి చేసుకుని బతికేవాడు సాయంత్రం పూట సేద తీరడానికి వెళ్లి మందుకు బానిస కావడం నేరమే, ఆ నేరం తాగినవాడిది కాదు.

రోజూ ఈ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు ఉన్నపళంగా మానేయకండి; డాక్టరు మెల్లమెల్లగా తగ్గిస్తారు. హాస్టల్ గదిలో పక్క మంచం మీది మిత్రుడు లేపినా లేవకపోతే, గుర్రుగుర్రుమంటూ ఊపిరి ఆగి ఆగి తీస్తుంటే నిద్రపోనీలే అనుకోవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఏం మింగాడో, దేంతో కలిపి మింగాడో దాచకండి. కత్తిరించిన ఆ మాత్రల ముక్క దొరికితే వెంట తీసుకెళ్లండి.