సాక్చీలో కాంట్ దుకాణదారు

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో అచ్చయిన తన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక దుకాణదారును మన ముందు నిలబెడతాడు. బేరం తెలియని పసివాడు వచ్చినా అతను ధర పెంచడు. మోసం తప్పనా, పేరు చెడితే గిరాకీ పోతుందనా? రెండోదైతే పని సరైనదే గానీ దానికి నైతిక విలువ లేదు పొమ్మంటాడు కాంట్. లాభాన్నీ జాలినీ పక్కన పెట్టి, బుద్ధి ఉన్న ప్రతివాడూ ఒప్పుకోవలసిన నియమం కనుక పాటించడమే ఆయన లెక్కలో కర్తవ్యం. మనిషిని వట్టి పనిముట్టుగా వాడుకోకూడదన్నది అందులోనిదే.

ఇది వినగానే మనవాళ్లకు గీత గుర్తొస్తుంది. ఫలాపేక్ష మాట వరకు పోలిక నిలుస్తుంది. కానీ స్వధర్మం ఎవరిది వారిది. కాంట్ నియమం దొరకూ కూలీకీ ఒకటే. ఉక్కు కొలిమి దగ్గర ఇది చిన్న తేడా కాదు.

తర్వాత జంషెడ్‌పూర్ అయిన సాక్చీ అనే పల్లె దగ్గర టాటాల కర్మాగారంలో తొలి ఉక్కు 1912లో వచ్చింది. ఎనిమిది గంటల పనిదినం అదే ఏడాది పెట్టామని సంస్థ చెప్పుకుంటుంది. అప్పటికి కర్మాగారం నడిపే నిపుణుల్లో అమెరికన్లూ ఉన్నారు. వాళ్ల దేశపు అతిపెద్ద ఉక్కు కంపెనీ పన్నెండు గంటల పనిని వదులుకున్నది 1923లో. సాక్చీలో ఉచిత వైద్యం 1915లో వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్, జీతంతో సెలవు, ప్రమాద పరిహారం 1920లో. ప్రసూతి సాయం 1928లో, గ్రాట్యుటీ 1937లో. పీఎఫ్ చట్టం దేశానికి 1952లో గానీ రాలేదు, గ్రాట్యుటీ చట్టం 1972లో గానీ రాలేదు.

జాబితా ఘనమైనదే. అయితే అందులోని రెండు ఏళ్లు సమ్మెల ఏళ్లు కూడా. 1920లో కార్మికులు పని ఆపారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టింది అప్పుడే. 1928లో నెలల తరబడి సాగిన పోరాటంలో మానెక్ హోమీ ఒకవైపు, సుభాష్ చంద్రబోస్ మరోవైపు నాయకత్వానికి వచ్చారు. యజమాని కర్తవ్యం అనుకున్నదాన్ని కార్మికుడు హక్కుగా అడిగాడు. తర్వాత్తర్వాత సంస్థ తన మంచితనాన్నే ప్రకటనలకెక్కించింది: మేం చేసేవాటిలో ఉక్కు కూడా ఒకటి అన్న ధోరణిలో. దుకాణదారు బోర్డు కట్టాడన్నమాట! దానివల్ల ఆసుపత్రి అబద్ధమైపోదు. శ్రీకాకుళం, విజయనగరాల నుంచి వలస వెళ్లి అక్కడ రిటైరైన మనవాళ్లకు పీఎఫ్ సొమ్ము చేతికందిందా లేదా అన్నదే ముఖ్యం, ఇచ్చినవాడి మనసు కాదు.

ఊళ్లోనే 1949లో జెసూట్ ఫాదర్లు పెట్టిన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో మేనేజ్‌మెంట్‌తో పాటు వ్యాపార నీతి కూడా చెబుతారు. ఉద్దేశాల మీద అక్కడ ఎంత చర్చించినా, ఎదుటివాడి ఆంతర్యం సరే, మన ఆంతర్యమే మనకు పూర్తిగా తెలియదని కాంటే ఒప్పుకున్నాడు. అందుకే కాబోలు 1797లో చట్టాన్నీ సద్గుణాన్నీ విడదీశాడు: చట్టానికి నడత చాలు, ఉద్దేశంతో పనిలేదు. సాక్చీలో దయగా మొదలైనవి చట్టంలోకి ఎక్కాక ఎవరి ఉద్దేశాన్నీ తవ్వే అవసరం లేకపోయింది. ఆ అవసరం ఇప్పుడు కాంట్రాక్టు కూలీ దగ్గర మళ్లీ పడుతోంది. సంస్థ జీతాల పట్టీలో ఉన్నవాడి పక్కనే నిలబడి పనిచేస్తున్నా, అతని కూలీ, సెలవు, పరిహారం కాంట్రాక్టరు చేతుల మీదుగా రావలసిందే.