ఆంతరంగికుడి అధికారం ఎక్కడిది?

కంపెనీ ఏలుబడి కాలంలో దొర పక్కన నిలబడిన దుబాసీ, కలెక్టరు పక్కన కూర్చున్న హుజూరు శిరస్తాదారు మన జ్ఞాపకంలో రెండే రూపాల్లో మిగిలారు. ఒకటి తెల్లదొరను కీలుబొమ్మలా ఆడించిన గడసరి, రెండోది రైతు నోటి దగ్గర కూడు లాక్కున్న లంచగొండి. కంపెనీ కాగితాలు ఈ రెండింటినీ పుష్కలంగా పోషించాయి. చరిత్రకారులు చాలామంది ఆ కాగితాల మీదే ఆధారపడ్డారు కాబట్టి తీర్పు కూడా అక్కడిదే అందుకున్నారు. ఆ తీర్పు సగమే నిజమని నా వాదన. పెద్ద అధికారి ఆంతరంగికుడికి దక్కిన ఆ వింత అధికారం అతని తెలివితేటల నుంచో దుర్బుద్ధి నుంచో పుట్టలేదు. ఏలుతున్న జనం భాష, వాళ్ల లెక్కల తీరు పై అధికారికి తెలియకపోవడం నుంచి పుట్టింది. ఆ లోటు కంపెనీకి తెలుసు. దాన్ని పూడ్చడానికి అయ్యే ఖర్చుకు సిద్ధపడక, కచేరీ చెడినప్పుడల్లా మనిషిని పట్టుకుని శిక్షించింది. పీఠం మాత్రం అలాగే ఉండిపోయింది.

ముందు పుదుచ్చేరి చూడాలి, ఎందుకంటే ఇలాంటి కొలువు చేసినవాడు తన మాటల్లో రాసుకున్న అరుదైన సాక్ష్యం అక్కడిదే. 1709లో మద్రాసు పెరంబూరులో పుట్టిన ఆనందరంగ పిళ్ళె 1736 నుంచి 1761లో కన్నుమూసేదాకా తమిళంలో దినచర్య రాశాడు. కనకరాయ మొదలి చనిపోయాక, 1747లో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర ప్రధాన దుబాసీ అయ్యాడు. తెలుగువాళ్లకు అతను కొత్తవాడు కాడు. కస్తూరి రంగకవి రాసిన ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ అతని పేరు మీదే ఉంది. దినచర్య చదువుతుంటే గవర్నరును ఆడించే మనిషి కనిపించడు. తన మాట ఈ రోజు చెల్లుతుందా లేదా అని ప్రతిరోజూ లెక్కవేసుకునే మనిషి కనిపిస్తాడు. అతనికి అన్నిటికన్నా పెద్ద బెంగ డూప్లే భార్య జాన్. ఆమె పుదుచ్చేరిలోనే పుట్టి పెరిగింది, తమిళం తెలుసు. ఊళ్లో సంగతులు ఆమెకు వేరే దారిన చేరేవి, ఆమె ద్వారా గవర్నరుకు చేరేవి. దొర ఇంట్లోనే రెండో చెవి మొలిచేసరికి దుబాసీ పలుకుబడి తరిగిపోయింది. 1748లో ఇంగ్లీషువాళ్లు పట్టణాన్ని ముట్టడించిన సమయంలో ఫ్రెంచివాళ్లు వేదపురీశ్వరుడి గుడిని పడగొట్టారు. ఊళ్లో హిందువులందరిలోకీ పెద్ద కొలువులో ఉన్న పిళ్ళె ఆ గుడిని కాపాడలేకపోయాడు, బాధతో రాసుకోవడం తప్ప. అతని అధికారం కొలతేమిటో ఆ ఒక్క సంఘటన చెబుతుంది. దొరకు తెలియని చోట అది ఉంది, దొర నిశ్చయించుకున్న చోట లేదు.

మద్రాసులో ఇదే కొలువు తెలుగువాడైన అవధానం పాపయ్యను ఎక్కడికి చేర్చిందో చూస్తే వాదన రెండో ముఖం తెలుస్తుంది. పాపయ్య 1789లో గవర్నరు పీఠం మీదున్న జాన్ హాలండుకు దుబాసీ, పాపయ్య సోదరుడు రామస్వామి గవర్నరు సోదరుడైన ఎడ్వర్డ్ హాలండుకు దుబాసీ. రెవెన్యూ బోర్డు సభ్యుడు డేవిడ్ హాలీబర్టను మీద అబద్ధపు సాక్ష్యాలు అల్లి కుట్ర పన్నారన్న అభియోగం మీద 1792లో ఈ అన్నదమ్ములిద్దరినీ, మరో ఇద్దరినీ విచారించారు. నేరం రుజువై శిక్ష పడింది. విచారణ పూర్తి పాఠం మరుసటి ఏడు లండనులో అచ్చయింది, పాపయ్య పేరు వాల్టర్ స్కాట్ నవలలోకి కూడా ఎక్కింది. పాపయ్య నిర్దోషి అనను. నకిలీ సాక్ష్యంతో మనిషిని ఇరికించడం ఏ కాలంలోనైనా నేరమే. కానీ హాలీబర్టను తొలగిపోతే ఎవరికి లాభమో అడిగి తీరాలి. రెవెన్యూ బోర్డు సభ్యుణ్ణి కదిలించే ఉత్తర్వు దుబాసీ చేతితో వెలువడదు, గవర్నరు సంతకం కావాలి. హాలండులిద్దరూ 1790లోనే పదవి పోగొట్టుకుని ఇంగ్లండు చేరారు. బోనులో నిలబడినవాళ్లలో దొర ఒక్కడూ లేడు. కోర్టు ముందు ఎవరు నిలబడ్డారో వాళ్ల నేరాలే ఆ తరవాత చరిత్రకు మూలాలయ్యాయి.

కలెక్టర్లు వచ్చాక కొలువు పేరు మారింది. హుజూరు కచేరీలో జరిగే పనిని దగ్గరగా చూస్తే శిరస్తాదారు బలం అర్థమవుతుంది. ఊళ్లో కరణం తెలుగులో, గొలుసుకట్టు రాతలో లెక్క రాస్తాడు. అది తాలూకాకు వెళ్లి, అక్కణ్ణుంచి హుజూరుకు చేరి, దేశస్థ బ్రాహ్మణ ఉద్యోగుల మరాఠీ దఫ్తరులో మోడీ లిపిలోకి మారుతుంది. దాని సారాంశం ఇంగ్లీషులో తయారై మద్రాసు రెవెన్యూ బోర్డుకు పోతుంది. మూడు భాషలు, మూడు లిపులు. ఈ మెట్లన్నీ ఒకేసారి కనిపించే చోటు శిరస్తాదారు బల్ల ఒక్కటే. అర్జీలు కలెక్టరుకు చదివి వినిపించేది అతనే, వాటి మీద హుకుం ముసాయిదా రాయించేది అతనే, తాలూకా కొలువుకు ఎవరు తగినవారో చెప్పేది అతనే. జమాబందీ రోజుల్లో పంట పోయిందని శిస్తు తగ్గించమని వచ్చిన జాబితా నిజమో కాదో చెప్పవలసిందీ అతనే. ఆ మాట తప్పని నిరూపించడానికి కలెక్టరు దగ్గర మరో లెక్క లేదు. గుంటూరులో ఇది ఎంత దూరం పోయిందంటే, 1840ల నాటికి జిల్లా రాబడి కుప్పకూలి, వాల్టర్ ఇలియట్‌ను విచారణకు పంపవలసి వచ్చింది. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించిన ఇలియట్ ఆయనే. 1846లో ఆయన బయటపెట్టినది ఒక మనిషి దొంగతనం కాదు. హుజూరు నుంచి కరణం దాకా ఒకరి లెక్కను ఒకరు కాస్తూ అల్లుకున్న ఏర్పాటు. దానికి పుష్కరం ముందే నందన కరువులో ఆ జిల్లా అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది దాకా పోయారు. బతికినవాళ్ల శిస్తు లెక్క ఎవరి చేతిలో ఉందన్నది అందువల్ల చిన్న సంగతి కాదు.

గుంటూరు మీద చరిత్రకారుడు ఫ్రైకెన్‌బర్గ్ 1965లో వెలువరించిన పుస్తకం ఈ విషయంలో ఇప్పటికీ పెద్ద దిక్కు. స్థానిక పలుకుబడి కేంద్ర అధికారాన్ని లోపల్నుంచి ఎలా తొలిచేసిందో ఆయన విడమరిచి చూపారు. కొన్ని దేశస్థ బ్రాహ్మణ కుటుంబాలు బంధువులతో కచేరీని నింపడమే అసలు కారణం కదా, అధికారి అజ్ఞానం మీద నెపం వేయడమెందుకని ఆ పుస్తకం చదివినవారు నన్ను అడగవచ్చు. బంధువులతో నింపారన్నది నిజం. కానీ ఆ ఒక్క జిల్లా దగ్గరే ఆగితే కులం కారణంలా కనిపిస్తుంది, మిగతా చోట్లు కూడా కలుపుకుని చూస్తే కనిపించదు. పుదుచ్చేరి పిళ్ళె యాదవుడు. పాపయ్య తెలుగు నియోగి. 1810లలో కోయంబత్తూరు కలెక్టరు గారో దొర నమ్మకం సంపాదించి జిల్లా వ్యాపారాన్నీ వసూళ్లనూ గుప్పిట్లో పెట్టుకున్నాడని థామస్ మన్రో విచారణలో తేలిన కాశీ చెట్టి వర్తకుడు, కచేరీలో అతని పని ఖజానా చూడడం. గుంటూరు వాళ్లు దేశస్థులు. కులాలు వేరు, ఊళ్లు వేరు, భాషలు వేరు, చివరికి ఉద్యోగం పేరు కూడా వేరు. జరిగింది మాత్రం అన్నిచోట్లా ఒకటే. కుటుంబ బలగం ఆ పీఠాన్ని ఎవరు పట్టుకున్నారో చెబుతుంది. పట్టుకుంటే అంత బలం ఎందుకు వచ్చిందో చెప్పదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. వ్యవస్థ ఎలాంటిదైనా లంచం పుచ్చుకున్నది ఆ మనిషే, మరొకడైతే పుచ్చుకోకపోవచ్చు. దీన్ని తోసిపుచ్చలేను, తోసిపుచ్చకూడదు కూడా. తగ్గింపు తనకు చేరక పూర్తి శిస్తు కట్టి పొలం వదిలిన రైతుకు కచేరీ నిర్మాణం గురించిన వివరణ ఏ ఊరటా ఇవ్వదు. అయినా ఒక పోలిక చూడండి. కంపెనీ తన తెల్ల ఉద్యోగుల లంచాలు చూసి విసిగిపోయినప్పుడు గవర్నరు జనరలు కారన్‌వాలిస్ వాళ్ల జీతాలు బాగా పెంచాడు, సొంత వ్యాపారం మాన్పించాడు. తక్కువ జీతం, ఎక్కువ అధికారం కలిస్తే ఏ మనిషైనా చెడతాడన్న ఎరుక ఆ సంస్కరణ వెనక ఉంది. అదే ఏళ్లలో, 1793 చార్టరు చట్టంతో, ఏడాదికి 500 పౌన్లు దాటిన సివిలు కొలువులన్నీ కంపెనీ ఒడంబడిక ఉద్యోగులకే దఖలు పడ్డాయి. దేశీయుడికి మిగిలింది చిన్న జీతం, గౌరవం లేని హోదా, అంతులేని నమ్మకం. ఒకే జబ్బుకు తెల్లవాడికి మందు, నల్లవాడికి జైలు. మద్రాసు గవర్నరైన థామస్ మన్రో దీన్ని గ్రహించాడు. పై మెట్టు ఆశ లేనివాడి నుంచి నిజాయితీ ఆశించలేమనే ధోరణిలో 1824 చివర రాసిన సుదీర్ఘ మినిట్‌లో దేశీయులకు మంచి జీతాలూ పెద్ద పదవులూ ఇవ్వాలని వాదించాడు. కాశీ చెట్టి వ్యవహారం విప్పింది ఈ మన్రోయే. ఆ అవినీతి లోతు చూసి వచ్చినవాడు ఇలా వాదించాడంటే నా దృష్టిలో దానికి బరువు ఎక్కువ.

దొరలు భాష నేర్చుకోలేదనడం అన్యాయమని కూడా అనవచ్చు. 1812లో ఎల్లిస్ పూనికతో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల పెట్టారు, 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వచ్చింది, బ్రౌన్ లాంటివాడు ఆ చదువులోంచే తయారయ్యాడు. ఇవన్నీ నిజమే. కానీ కళాశాలలో నేర్చినది పుస్తకపు తెలుగు. కరణం గొలుసుకట్టు రాత చదవడం, ఫసలీ లెక్కల పద్దులు పోల్చడం, మోడీ లిపిలోని దఫ్తరు తిరగేయడం ఏ పరీక్షలోనూ అడగలేదు. అవి నేర్చే లోపల కలెక్టరుకు బదిలీ వచ్చేది. శిరస్తాదారు అక్కడే ఉండేవాడు. బ్రౌన్ లాంటి ఒకరిద్దరి పాండిత్యం జిల్లా కచేరీలో రోజువారీ పని తీరును మార్చలేకపోయింది. మరో పక్క తెలుగువాళ్లు ఇంగ్లీషు నేర్చిన వేగం చూడాలి. 1784లో పుట్టిన ఒంగోలు వెన్నెలకంటి సుబ్బారావు ఎన్నో భాషలు నేర్చి మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడయ్యాడు, తన జీవితకథను ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. అది 1873లో అచ్చయింది. భాష నేర్చే భారమంతా కిందివాడి మీదే పడింది, దాంతో వచ్చే బలం కూడా కిందివాడికే చేరింది.

ఆ బలం ఎలా కరిగిపోయిందన్నదే ఈ వాదనకు అసలు పరీక్ష. పంతొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి మరాఠీ దఫ్తర్లు వెనకబడ్డాయి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది, పరీక్షలు ప్యాసై కచేరీల్లో చేరే తెలుగువాళ్లు పెరిగారు. 1858లో సర్వే సెటిల్‌మెంటు శాఖ పుట్టి, పొలాలు కొలిచి నంబరు వేయడం మొదలైంది. అంతవరకు శిరస్తాదారు మాటే ప్రమాణమైన చోట ఇప్పుడు కొలతబద్దతో తయారైన మరో కాగితం వచ్చి నిలిచింది. రహస్యం కాపాడే బాధ్యత కూడా 1889 అధికార రహస్యాల చట్టంతో మనిషి విశ్వాసం నుంచి చట్టం పరిధిలోకి జరిగింది. తరవాత షార్ట్‌హ్యాండు, టైపు నేర్చిన ఆంతరంగిక గుమాస్తాలు వచ్చారు. అధికారి చెప్పినది రాయడమే వాళ్ల పని, ఏం చెప్పాలో చెప్పడం కాదు. గుంటూరు జిల్లాను 1859లో రద్దుచేసి, 1904లో మళ్లీ ఏర్పరిచారు. కొత్త కలెక్టరు కచేరీలోనూ హుజూరు శిరస్తాదారు కొలువు ఉంది, అందులోకి వచ్చినవాళ్లలో పాత కుటుంబాలవాళ్లూ ఉన్నారు. కానీ ఆ కచేరీలో తెలుగు లెక్క చదవగల డిప్యూటీ కలెక్టర్లు ఉన్నారు, ప్రతి సర్వే నంబరుకూ పటం ఉంది. అదే పీఠం మీద కూర్చుని ఒక జిల్లాను నడిపే వీలు అప్పటికి ఎవరికీ మిగల్లేదు.